కిలో ఎంత అని అడక్కండి!

భీమవరం చుట్టుపక్కల ఎవరి ముందైనా చేప ప్రస్తావన తెచ్చి చూడండి. రెండే ప్రశ్నలొస్తాయి. ‘ఏ చేప?’, ‘కిలో ఎంత?’ తప్పేమీ లేదు. చెరువే బతుకైన చోట లెక్కలు అలాగే ఉంటాయి. రొయ్యకైతే కౌంటు, చేపకైతే కిలో. ఈ రెండిట్లోనూ ఇమడని చేపలు కొన్నున్నాయి. వాటిని ఎవరూ తూకం వేయరు. జతల లెక్కన అమ్ముతారు. కొన్నవాళ్లు వండుకోరు, చూసుకుంటారు. ప్రాణం పోయిన మరుక్షణం వాటి విలువ సున్నా.

అలాంటి రంగుచేపల మీద పీజీ పరిశోధన చేస్తానని అక్కడి రొయ్యల రైతు కూతురు ఒకమ్మాయి పట్టుబట్టింది. ఇంట్లో పెద్ద చర్చే నడిచింది.

అమ్మాయి ఇంటర్లో బైపీసీ చదివింది. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ పూర్తిచేసింది. ఆ డిగ్రీ చేతికొచ్చాక మేత కంపెనీలోనో, హేచరీలోనో ఉద్యోగం చూసుకోవడం ఊళ్లో అందరికీ తెలిసిన దారి. తోటివాళ్లలో సగంమంది ఆ దారే పట్టారు. మొదటి నెల జీతంతో అమ్మలకు చీరలు కూడా కొన్నారు. ఈ అమ్మాయేమో మరో రెండేళ్లు చదువుతానంటోంది. అదీ గాజుతొట్టిలో తిరిగే చేపల మీద!

‘‘తినే చేప గురించి చదివితే నలుగురికి అన్నం పెడుతుంది. అద్దంలో తిరిగే చేప గురించి చదివితే ఏమొస్తుందమ్మా?’’ అన్నాడు తండ్రి. కోపంతో కాదు. ఆయనకు ఎనిమిదెకరాల చెరువులున్నాయి. రెండు పంటలు పోతే బ్యాంకుకు ఏం చెప్పాలో తెలిసిన మనిషి.

‘‘ఎంతసేపూ ఆ మూలనుంచి ఈ మూలకు తిరగడమేగా అవి చేసేది. వాటికో చదువా?’’ అంది మామ్మ.

ఆ పూట అమ్మాయి దగ్గర గట్టి జవాబేమీ లేదు. చూసిన దృశ్యం ఒకటి మాత్రం ఉంది.

నురగ గూడు

బీఎఫ్‌ఎస్సీ చివరి ఏడాది శిక్షణలో భాగంగా ఆమె కొన్ని వారాలు రంగుచేపల యూనిట్లో పనిచేసింది. అక్కడ ఫైటర్ చేపల జతను చూసుకునే పని అప్పగించారు. మగచేప నీటి ఉపరితలం మీద బుడగలు వదులుతూ నురగతో గూడు కట్టింది. ఆడచేప గుడ్లు వదిలింది. అవి కిందికి జారుతుంటే మగచేప ఒక్కోదాన్నీ నోటితో అందుకుని, పైకి తీసుకెళ్లి బుడగల మధ్య పెట్టింది. ఆ తర్వాత ఆడచేపను దగ్గరికే రానివ్వలేదు. గుడ్లు పొదిగేదాకా, పిల్లలు ఈత నేర్చేదాకా కాపలా కాసింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పిల్లచేపల నోరు ఎంత చిన్నదంటే మామూలు మేత పొడి కూడా పట్టదు. ముందు కంటికి కనపడని ఇన్ఫుసోరియా పెట్టాలి. కాస్త పెరిగాక ఆర్టీమియా పిల్లలు. ఆ మేత అందాల్సిన వేళకు అందకపోతే తొట్టి ఖాళీ అయిపోతుంది. ఆర్టీమియా అంటే రొయ్యల హేచరీల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ గుడ్ల డబ్బాలు చాలావరకు విదేశాల నుంచే రావాలి. అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ వాటికి పేరుమోసిన చోటు.

మన ఊళ్లో చౌకగా దొరికే సజీవ ఆహారం ఏదైనా ఆర్టీమియా స్థానంలో పనికొస్తుందా? వస్తే ఎన్నో రోజు నుంచి పెట్టాలి? ఎంత పెట్టాలి? ఇలాంటి ప్రశ్నలు ఆ అమ్మాయి బుర్రలో అక్కడే మొదలయ్యాయి. ఎంతో శ్రద్ధగా కాపాడిన తండ్రిచేప పిల్లలు, మేత అందక పోవడం ఆమెను బాగా కదిలించింది.

తినే చేపకు చివరి పరీక్ష తూకం. రంగుచేపకు చివరి పరీక్ష ప్రాణం. పెంచినచోట బతికితే చాలదు. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో ప్రయాణం చేసి, దుకాణంలో కొన్నాళ్లుండి, చివరికి చేపల గురించి ఏమీ తెలియని ఒక ఇంట్లో కూడా బతకాలి. ప్యాకింగుకు ముందు చేపలను పస్తు ఉంచడం దగ్గర్నుంచి, సంచిలో నీరెంత, గాలెంత, ఎన్ని చేపలు అనే లెక్కదాకా ప్రతి మెట్టు దగ్గరా శాస్త్రం కావాలి.

గంగ ఒడ్డు నుంచి ప్రయోగశాలకు

అక్వేరియం చేపల్ని అలంకారమని తీసిపారేసేవాళ్లకు ఆ అమ్మాయి ఓ కథ చెబుతుంటుంది. ఒంటి మీద నీలం చారలుండే బెత్తెడైనా లేని చేప ఒకటుంది. పేరు జీబ్రాఫిష్. అచ్చంగా మనదేశపు నీళ్లలోదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తర్వాత అది ప్రపంచమంతటా అక్వేరియాల్లోకి చేరింది. అమెరికాలోని ఓరెగన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త జన్యు పరిశోధనకు ఆ చేపనే ఎంచుకున్నాడు. దాని గుడ్డు పారదర్శకం. లోపల పిండం పెరగడం మైక్రోస్కోపులో చక్కగా కనబడుతుంది. 1981లో ఆయన ప్రచురించిన పరిశోధన తర్వాత ఆ చేప దశ తిరిగింది. 2013లో దాని జన్యుక్రమం పూర్తిగా బయటికొచ్చింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఆ చేపలో కనీసం ఒక్కో జోడీ ఉందని తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ సహా ఎన్నో సంస్థల్లో ఇప్పుడది ప్రయోగశాల జీవి.

ఇక వ్యాపారం సంగతి. బంగారుచేపను చైనావాళ్లు వెయ్యేళ్లకు పైగా పెంచుతున్నారు. మనదగ్గర చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పెట్టింది పేరు. ఈశాన్య రాష్ట్రాల వాగుల్లో పట్టిన చేపలు కోల్‌కతా మీదుగా విదేశాలకు వెళ్తుంటాయి. చిత్రమేమిటంటే, మనవాళ్లు ఎక్కువగా పెంచే గప్పీ, మోలీ, ఏంజెల్, కోయి కార్ప్ వంటివన్నీ పరదేశీ చేపలు. విదేశీయులు మోజుపడే మన చేపలనేమో నేరుగా వాగుల్లోంచి పట్టి పంపాం. పడమటి కనుమల్లో పుట్టిన ‘మిస్ కేరళ’ అలాగే ప్రపంచ ప్రసిద్ధి పొంది, అలాగే అంతరించే ముప్పున్న చేపల జాబితాకెక్కింది. అలాంటి చేపను తొట్టిలో గుడ్లు పెట్టించగలిగితే వాగు మీద భారం తగ్గుతుంది. అది వ్యాపారానికీ మేలు, చేపకూ మేలు. కొచ్చి కేంద్రంగా ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు సముద్రపు క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పుట్టించే పద్ధతులు అభివృద్ధి చేసింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. ఆ చేప పుట్టుకతో మగది. గుంపులోని ఆడచేప చనిపోతే పెద్ద మగచేపే ఆడదిగా మారుతుంది. ఈ మర్మం తెలియకుండా జత కట్టించడం సాధ్యమా?

బంతిపూల ప్రశ్న

ఇల్లు ఒప్పుకుంది. పూర్తి మనసుతో కాదు, ‘సరే, రెండేళ్లే కదా’ అన్నట్టు. ప్రవేశపరీక్ష రాసి ఎంఎఫ్‌ఎస్సీలో చేరింది అమ్మాయి. మొదటి ఏడాది ఎక్కువగా తరగతులే. పరిశోధన అంశం ఎంచుకోవాల్సిన రోజున ఆమె గైడ్ దగ్గరికి పెద్ద జాబితాతో వెళ్లింది. మిస్ కేరళ, డిస్కస్, టెట్రాలు, వైరస్‌లు... అన్నీ ఉన్నాయి అందులో.

మేడమ్ అంతా చదివి కాగితం పక్కన పెట్టారు. ‘‘నీ చేతిలో ఉన్నది ఏడాది. తొట్లు పన్నెండు. వాటితో జవాబు దొరికే ప్రశ్న ఒక్కటి తెచ్చుకో అమ్మా’’ అన్నారు.

ఆ ప్రశ్న ఒక రంగుచేపల దుకాణంలో దొరికింది. ‘‘కొనేటప్పుడు ఎర్రగా నిగనిగలాడుతుంటాయి. నెల తిరిగేసరికి వెలిసిపోయాయంటూ జనం తిరిగొస్తారు. నేనేం చెప్పను?’’ అని వాపోయాడు దుకాణం ఆయన. చేపలు ఎరుపు, పసుపు రంగులనిచ్చే కెరొటినాయిడ్లను సొంతంగా తయారుచేసుకోలేవు. అవి మేతలోంచి రావాల్సిందే. బంగారుచేప, కోయి లాంటివి మొక్కల్లోని కొన్ని వర్ణకాలను తమ ఒంటికి కావాల్సిన ఎరుపుగా మార్చుకోగలవు. అన్ని చేపలకూ ఆ విద్య రాదు. బంతిపూల రేకులు, స్పైరులినా వంటివి కలిపితే రంగు పెరుగుతుందని ఇప్పటికే చాలామంది చూపించారు. మరి ఆ మేత ఆపేశాక రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఎంత మోతాదులో పెడితే ఎక్కువ రోజులుంటుంది? అమ్మాయి ఆ ముక్క పట్టుకుంది. చిన్న ప్రశ్నే. కానీ దుకాణదారుకూ, రైతుకూ, కొన్న పిల్లాడికీ ముగ్గురికీ పనికొచ్చేది.

బజారులో దొరికే పూలమీద ఏ మందులు కొట్టారో తెలియదు. అందుకని పెరట్లో బంతినారు వేసే పని తల్లి మీద పడింది. రేకులను ఎండలో పెడితే వర్ణకాలు దెబ్బతింటాయి కాబట్టి నీడలోనే ఆరబెట్టాలి. ‘‘గుమ్మానికి కట్టాల్సిన పూలు చేపల పాలు చేస్తున్నావు కదే!’’ అంటూనే ఆవిడ వరండాలో పాత చీర పరిచి రేకులు ఆరబోసేది. మామ్మ కోళ్లు అటు రాకుండా కర్ర పట్టుకుని కూర్చునేది. పరిశోధన అలా మెల్లగా ఇంటి పనైపోయింది.

రెండు వైట్‌స్పాట్‌లు

నాలుగు రకాల మేతలు. వాటిలో ఒకటి పోల్చి చూడటానికి పెట్టిన మామూలు మేత. ఒక్కోదానికి మూడు తొట్లు. మొత్తం పన్నెండు తొట్లలో నూటఎనభై బంగారుచేప పిల్లలు. పొద్దున్నే నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియా కొలవాలి. మేత తూచి పెట్టాలి. మిగిలింది తీసేయాలి. పండగలేదు, ఆదివారం లేదు.

ఇరవైమూడో రోజు. డిసెంబరు చలి. రెండు తొట్లలో చేపలు గాజుకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. దగ్గరగా చూస్తే రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెండ్రోజుల్లో మరో అయిదు తొట్లకు పాకింది. మందు వేస్తే చేపలు కొన్ని బతుకుతాయి గానీ, ప్రయోగం చచ్చిపోతుంది. ఒక తొట్టికి మందువేసి మరో తొట్టికి వేయకపోతే వచ్చిన తేడా మేతవల్లో మందువల్లో ఎవరు చెప్పగలరు?

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసింది. ‘‘వైట్‌స్పాట్ వచ్చింది నాన్నా’’ అని చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది.

అవతలవైపు కాసేపు మాట లేదు. రొయ్యల రైతు చెవిన ఆ మాట పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! 1990లలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన పేరది. ‘‘ఎన్ని చెరువులు...’’ అనబోయి తమాయించుకుని, ‘‘ఎన్ని తొట్లమ్మా?’’ అన్నాడాయన.

అప్పుడు కూతురు వివరించింది. పేరొక్కటే, జబ్బులు వేరు. రొయ్యకు వచ్చేది వైరస్. చేపకు వచ్చేది ఇక్ అనే పరాన్నజీవి. అది చర్మం కిందికి దూరి కూర్చుంటుంది. అక్కడుండగా మందు దానికి తగలదు. పెరిగాక కిందికి రాలి, తొట్టి అడుగున తిత్తిలా మారి, వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే సమయంలోనే మందు పనిచేస్తుంది. అందుకే ఒక్కసారి వేసి ఊరుకుంటే లాభం లేదు.

తండ్రి ఓపిగ్గా విన్నాడు. ‘‘పరీక్ష చేయించకుండా సీడ్‌ని మనం చెరువులో వదలం కదమ్మా. నీ చేపల్ని తెచ్చి ఎన్నాళ్లు విడిగా ఉంచావు?’’

‘‘వారం.’’

‘‘చాల్లేదేమో తల్లీ. ఈసారి ఎక్కువ రోజులుంచు. పోయిన పంట గురించి కూర్చుని ఏడవకు. తొట్లు కడిగి ఆరబెట్టు.’’

అమ్మాయి చదివిన పుస్తకాల్లోనూ ఆ మాటే ఉంది. కానీ రెండుసార్లు చెరువు ఎండగట్టి మళ్లీ నీళ్లు పెట్టిన మనిషి నోట వింటే దాని బరువు వేరు. తొట్లన్నీ ఖాళీచేసి శుభ్రం చేసింది. కొత్త చేపల్ని మూడువారాలు వేరే తొట్లలో ఉంచి గమనించింది. హీటర్లు పెట్టింది. సంక్రాంతికి ఇంటికి వెళ్లలేదు. జనవరి చివర్లో ప్రయోగం మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలైంది.

రంగుచేపల జబ్బు రంగుచేపలకే పరిమితం కాదని తండ్రికి అప్పుడే తెలిసింది. 1990ల చివర్లో ఇజ్రాయెల్‌లో బయటపడిన కోయి హెర్పిస్ వైరస్ 2002లో ఇండోనేషియాను, 2003లో జపాన్‌ను తాకింది. అది అందాల కోయినే కాదు, తినే బంగారుతీగనూ చంపుతుంది. రెండూ ఒకే జాతి మరి. అక్వేరియం నుంచి బయటపడ్డ దెయ్యం చేప సంగతి చెరువులవాళ్లకు తెలిసిందే. తొట్టి గోడల పాచి తింటుందని తెచ్చుకుని, పెద్దదయ్యాక కాలువలో వదిలేశారు. ఇప్పుడది వలలు చింపుతోంది. నీటి నమూనాలో దొరికే డీఎన్‌ఏను బట్టి అది ఏయే జలాశయాల్లో ఉందో సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు. అద్దాల తొట్టికీ ఎనిమిదెకరాల చెరువుకీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

దారులు, దూరాలు

ఇంతకీ ఈ చదువు ఎక్కడుంది? బీఎఫ్‌ఎస్సీ తర్వాత ఎంఎఫ్‌ఎస్సీ రెండేళ్లు. ఆపైన పీహెచ్‌డీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991లో మొదలైన మత్స్య కళాశాల తెలుగువాళ్లకు దగ్గరి పేరు. మంగళూరు కళాశాల 1969 నాటిది. దేశంలో అదే మొదటిది. ముంబయిలోని సీఐఎఫ్‌ఈ 1961లో ఏర్పడి 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. దానికి కాకినాడలోనూ కేంద్రముంది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న సీఐఎఫ్‌ఏ మంచినీటి చేపల పరిశోధనకు పెద్దదిక్కు. రంగుచేపలూ అందులో భాగమే. కేరళ, తమిళనాడుల్లో మత్స్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఐకార్ సీట్లకు జాతీయస్థాయి ప్రవేశపరీక్ష రాయాలి. అందులో మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్ కూడా దొరుకుతుంది. జువాలజీ, ఆక్వాకల్చర్ ఎమ్మెస్సీ చేసినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో ఇదే రంగంలో పీహెచ్‌డీ వైపు వెళ్లొచ్చు.

అంశాలకు కొదవలేదు. మెత్తని ఆమ్లనీటిలోనే గుడ్లుపెట్టే అమెజాన్ టెట్రాలను మన బోరునీటికి ఎలా అలవాటు చేయాలి? తల్లిదండ్రుల చర్మం మీది జిగురు తిని పెరిగే డిస్కస్ పిల్లలకు బదులు మేత ఏమివ్వాలి? సంచిలో ప్రయాణించే చేపకు ఒత్తిడి ఎలా తగ్గించాలి? యాంటీబయాటిక్స్ వాడకుండా జబ్బుల్ని ఎలా ఆపాలి? వీటిలో చాలావాటికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. కొన్ని తొట్లు, ఒక తరాజు, ఒక నోటుపుస్తకం, రోజూ పొద్దున్నే లేచే అలవాటు ఉంటే మొదలుపెట్టొచ్చు.

అయితే అద్దంలో చూపించి మురిపించకూడదు. పీజీ పట్టా రాగానే ఉద్యోగం ఎదురొచ్చి పిలవదు. శాస్త్రవేత్త పోస్టులు కొన్నే, పోటీ ఎక్కువ. రంగుచేపల యూనిట్లు చాలావరకు కుటుంబాలు నడుపుకునే చిన్నచిన్నవి. అవి పెద్ద జీతాలివ్వలేవు. మరోవైపు సొంతంగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఊతం ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్‌కు 3 లక్షలు, మధ్యతరహాకు 8 లక్షల రూపాయల చొప్పున వ్యయం లెక్కగట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం రాయితీ పెట్టారు. ఒడిశాలోని లండిఝరి అనే పల్లెలో ఇంటింటా సిమెంటు తొట్లు కట్టి మహిళలు రంగుచేపలు పెంచారంటే, వాళ్ల వెనక సీఐఎఫ్‌ఏ శాస్త్రవేత్తల శిక్షణ ఉంది. థీసిస్‌లోని అంకెలు అలాంటి పెరటికి చేరినప్పుడే ఆ చదువుకు సార్థకత.

అమ్మాయి ప్రయోగం ఏప్రిల్‌లో పూర్తయింది. అరవై రోజులు బంతిరేకుల మేత, ఆపైన నెలరోజులు మామూలు మేత. చేపల ఎరుపు ఏరోజు ఎంతుందో నోటుపుస్తకంలో తొంభై రోజుల లెక్క ఉంది. అంకెలు సరిచూసుకుని, థీసిస్ రాసుకుంటూనే పీహెచ్‌డీ ప్రవేశపరీక్షకు చదువుతోంది. సీటు వస్తుందో రాదో తెలియదు. రాకపోతే హేచరీలో ఉద్యోగం చూసుకుంటానని ఇంట్లో ముందే చెప్పింది. తండ్రి దానికి ‘సరే’ అనలేదు. ‘‘ముందు పరీక్ష బాగా రాయి’’ అన్నాడు.

ఈమధ్య చెరువుగట్టున ఎవరో ఆయన్ని అడిగారట, మీ అమ్మాయి చదివేది దేని గురించని. ‘‘చేపకు రంగు ఎక్కడినుంచొస్తుందో, ఎన్నాళ్లుంటుందో కనిపెడుతోంది’’ అని చెప్పి, మేత బస్తా భుజానికెత్తుకుని పడవెక్కాడాయన.